చివరి పేజీ దాకా

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ జర్మనీలో, ఆకెన్‌ ఊళ్ళో పొద్దున్నుంచీ వాన. అయినా ఆఫీసుకు వెళ్ళాను.

మా కంపెనీ నీళ్ళ పంపులు తయారుచేస్తుంది. ఇంగ్లండ్‌లో వాటిని అమ్మే పెద్దాయనకు ఆ దుకాణమే బతుకు. మాతో ఆయనకున్న ఒప్పందంలో యూరోపియన్ యూనియన్ దేశాల్లో అమ్ముకోవచ్చని ఉంది. బ్రిటన్ యూనియన్ వదిలి వెళ్ళింది కాబట్టి ఇక ఆయనకు అక్కడ హక్కు లేదని, ఆ సంగతి ఉత్తరం రాయమని కొత్త మేనేజర్ చెప్పాడు.

రాసేముందు ఒప్పందమంతా పైకి చదివాను, నీకు చదివినట్టే. ఏ కాగితానికైనా, ఎవరెంత తొందరపెట్టినా "ఆగుండ్రి, నా బిడ్డ సదవాలె" అనేవాడివి. నేను ఆఖరి అక్షరం చదివాకే వేలిముద్ర వేసేవాడివి.

చివరి పేజీలో దొరికింది: యూనియన్ అంటే సంతకం చేసిన రోజున అందులో ఉన్న దేశాలన్నీ అని. ఆరోజు బ్రిటన్ లోపలే ఉంది. మేనేజర్ రెండుసార్లు చూసి ఉత్తరం వద్దన్నాడు.

"గింత ఓపిక ఎవరు నేర్పిండ్రే నీకు?" అంది పక్క సీటు అనూష.

"మా నాన్న."

"లాయరా?"

"కాదు. చదువు రాదు" అన్నాను.

నువ్వు పోయేముందు ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితం ముందు పెట్టినప్పుడు కూడా "ఆగుండ్రి, నా బిడ్డ సదవాలె" అనే అన్నావట. అమ్మ ఫోన్ చేసింది. నేను మీటింగ్‌లో ఉండి తీయలేదు. నాకోసం కాసేపు ఎదురుచూసి వేలిముద్ర వేశావట.

ఆ కాగితం నకలు తెప్పించుకున్నాను. ఈ సాయంత్రం మొదటి నుంచి చివరిదాకా నీకు పైకి చదివాను, నాన్నా.

నీ బిడ్డ