పీపాలోంచి దిగమన్నారు

నాన్నా, నన్నొక్క మాట అడగకుండా నా బతుకులో ఇంకో రెండేళ్లు ప్రింగిల్ గారికి రాసిచ్చేశావు. క్షేమమా అని అడిగే ఓపిక నాకిప్పుడు లేదు.

నిన్నటితో నా ఏడేళ్ల శిష్యరికం తీరిందనే ఇక్కడ లీత్ రేవులో అందరం అనుకున్నాం. పీపాలు చేసేవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. గడువు తీరినవాణ్ణి వాడు చేసిన పీపాలోనే కూర్చోబెట్టి, నెత్తిన మసీ, చెక్కపొట్టూ, పులిసిన బీరూ గుమ్మరించి పెరడంతా దొర్లిస్తారు. లేచి నిలబడితే పూర్తి పనివాడు. నన్నూ కూర్చోబెట్టారు.

"ఒరేయ్, కట్లు గట్టిగా బిగించావా? మధ్యలో ఊడితే నీతోపాటు నా పరువూ పోద్ది!" అని నాకు పని నేర్పిన ముసలి తాండ్రో అరుస్తున్నాడు. నవ్వితే నోట్లోకి పొట్టు పోయింది. ఒక్క దొర్లు దొర్లానో లేదో, కొట్టు యజమాని ప్రింగిల్ గారు పీపాకు కాలు అడ్డం పెట్టారు.

"ఆపండ్రా. వీడికింకా రెండేళ్లుంది. వీళ్ల నాన్నే వచ్చి సంతకం చేసెళ్లాడు."

"దిగు నాయనా," అన్నాడు తాండ్రో. ఆయన నన్ను తిట్టకుండా పిలవడం అదే మొదలు. ఒళ్లంతా మసితో, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాను.

నాకు ఇరవై ఒకటి నిండేదాకా నీ మాటే చెల్లుతుందట. పూర్తి పనివాడి చేత ఉత్త తిండికే చాకిరీ చేయించుకోవడం ప్రింగిల్ గారికి మాత్రం చేదా?

"ఆ చేపలమ్మే పిల్ల వెంట ఇంకా తిరుగుతున్నావా?" అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఇప్పుడర్థమైంది. శిష్యరికంలో ఉన్నవాడు పెళ్లాడకూడదు కాబట్టి, ఈఫీని నాకు దూరం చెయ్యడానికి గడువు పెంచావు. చర్చి పెద్దవి కదా, వద్దని నా మొహాన చెప్పడానికి నోరు రాలేదా?

ఇదిగో నీ ప్రశ్నకు జవాబు. తిరగడం లేదు. చాటుగా పెళ్లాడేశాను. తాండ్రో, ఆయన భార్య సాక్షులు. "ఈమె నా భార్య" అన్నాను, "ఇతను నా భర్త" అంది. మన దేశంలో పెళ్లికి అంత చాలునని నీకూ తెలుసు. ఈఫీకి నెలలు నిండుతున్నాయి. షరతు తప్పానని తెలిస్తే ప్రింగిల్ గారు నన్ను వెళ్లగొడతారు, ఆపైన ఈ రేవులో ఏ కొట్టూ పనివ్వదు. ఏడ్చే బిడ్డను రెండేళ్లు ఎక్కడ దాచమంటావు?

శనివారం పొద్దుగూకేలోగా పడవెక్కి వచ్చి, ఆయన ముందు నీ సంతకం వెనక్కి తీసుకో. రాలేదో, నా పని ఎలాగూ పోయినట్టే. ఆదివారం ఈఫీని తీసుకుని మీ చర్చికే వస్తాను. మొదటి వరుసలో, నీ పక్కనే కూర్చుంటాం.

ఇట్లు,
శనివారం దాకా ఆగే నీ కొడుకు,
గావిన్