మూడు చుట్ల మర

పైన్ ఫోర్క్, కెంటకీ
1984 అక్టోబరు 2

ప్రియమైన చెల్లాయ్ ఆర్డిత్‌కి,

నువ్వు చెక్కి పంపిన ఇత్తడి మూత నిన్న అందింది. కొత్త తుపాకి భుజానికి ఆనే కర్ర మీద బిగించి చూశాను. మేపుల్ కర్ర చారల పక్కన నీ ఆకుల తీగ బాగా అమరింది. ఈసారి గీతలు మునుపటికంటే లోతుగా పడ్డాయి. ఒక ఆకు దగ్గర ఉలి జారినట్టుంది. కళ్ళు ఒకసారి చూపించుకో.

ఇక అసలు సంగతి. సోమవారం స్కూలు బస్సు నడిపే హోబర్ట్ తన తుపాకి పట్టుకొచ్చాడు. 81 చలికాలంలో నేను చేసిందే, మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు రకం. గొట్టం వెనకనుంచి పొగ చిమ్ముతోందట. "ఏం వెర్లిన్, తుపాకి చేశావా, టీ కెటిల్ చేశావా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. గొట్టం వెనక మూసే మరకి పట్టకారు వేశాను. మూడు తిప్పులు తిప్పానో లేదో చేతిలోకి ఊడి వచ్చింది.

ఎనిమిది చుట్లు పట్టాల్సిన మర మూడు చుట్ల మీద నిలబడి ఉంది, చెల్లాయ్. మూడంటే మూడు.

తప్పు నాదే. గుర్తొచ్చింది కూడా. ఆ చలికాలం నాలుగు మరలు ఒకేసారి కోశాను. అవి గొట్టంలో సరిగ్గా ఆనడం లేదని విసుగొచ్చి, ముందు చుట్లని ఆకురాయితో అరగదీశాను. పైకి ముచ్చటగా కూచున్నాయి. ముప్పై ఏళ్ళు గనిలో మోటార్లు బాగుచేసినవాణ్ణి, సరదాకి చేసుకునే పనిలో ఇంత తొందర ఎందుకు పడ్డానో తెలియదు.

ఆ నాలుగింటిలో ఒకటి మీ ఆయన కార్లిస్‌కి ఇచ్చాను. బావ పోయాక అది నీ దగ్గరే ఉందిగా? దయచేసి ఎవర్నీ పేల్చనివ్వకు. ఒక పని చెయ్యి. శుభ్రం చేసే కడ్డీని గొట్టంలోకి అడుగుదాకా దించి, ఎంత లోతు పోయిందో కొలిచి రాయి, మర ఎంతమేర ఆనిందో నాకు తెలుస్తుంది. ఫోన్లో నాకు సగం వినపడదని తెలుసు కదా.

మీ వదిన నెవా తుంటి ఇంకా కుదుటపడలేదు. నిన్ను అడిగానని రాయమంది.

నీ అన్నయ్య,
వెర్లిన్


చిల్లికోథీ, ఒహాయో
అక్టోబరు 8

ప్రియమైన అన్నయ్యకి,

ఉత్తరం చేరింది. వదినని జాగ్రత్తగా నడవమను.

కార్లిస్ తుపాకి సంగతి మరచిపో. దుప్పట్ల పెట్టెలో అడుగున ఉంది. ఎవరూ దాన్ని పేల్చరు. కొలత తర్వాత పంపుతాను.

మిగతా రెండూ ఎవరి దగ్గరున్నాయి? ఈ ఉత్తరం చదవగానే బయల్దేరు. పోస్టులో రాసి ఊరుకోకు, నువ్వే వెళ్ళు. నవ్వితే నవ్వనీ. మర విప్పి నీ జేబులో వేసుకునేదాకా వాళ్ళ గుమ్మం దిగకు. జింకల వేట మొదలవడానికి నాలుగు వారాలు కూడా లేదు.

కళ్ళజోడు మార్చుకున్నాను. బాగానే ఉన్నాను.

నీ
ఆర్డిత్


పైన్ ఫోర్క్
అక్టోబరు 15

ప్రియమైన చెల్లాయ్,

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. ఒకటి థర్మన్ దగ్గర దొరికింది. వాడు విప్పనిస్తేనా! "మూడేళ్ళుగా పేలుస్తున్నా. నా మొహం ఇక్కడే ఉంది, చూసుకో" అంటూ గడ్డం ముందుకు పెట్టాడు. వాడి పెళ్ళాం రొట్టెల పిండి చేతులతోనే వచ్చి, "ఆ మొహం పోయినా నష్టం లేదుగానీ, వంటింటి గోడకి ఈ మధ్యే సున్నం వేయించాను. విప్పనియ్యి" అంది. విప్పాను. దానికీ మూడే. వాడు నా కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

రెండోది డార్విన్ కాడిల్ అనే అతనికి ఇచ్చాను. గని మూతపడ్డాక అతను ఇల్లు ఖాళీ చేశాడు. వెస్ట్ వర్జీనియా వెళ్ళాడని ఒకరు, కాదు టెనెసీ అని ఒకరు. అతని పాత చర్చిలో అడిగాను, బార్బర్ షాపులో అడిగాను. అన్నం సయించడం లేదు. ఆదివారం ఎక్కడో ఉడతల వేటగాళ్ళ తుపాకి మోగితే కాఫీ పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాను.

ఇంతకీ నువ్వు కొలత పంపలేదేం? రెండు నిమిషాల పని. నువ్వు ఎప్పుడూ ఇలా దాటవేసే మనిషివి కాదు. ఆ తుపాకి నీ దగ్గర లేదా? ఎవరికైనా ఇచ్చేశావా? ఇచ్చి ఉంటే కోప్పడను. పేరు చెప్పు చాలు, నేను వెళ్తాను. రెండు రోజులు నెవా దగ్గర ఉండటానికి పక్కింటావిడ ఒప్పుకుంది.

వెంటనే రాయి.

నీ అన్నయ్య


చిల్లికోథీ
అక్టోబరు 19

ప్రియమైన అన్నయ్యా,

కూచుని చదువు.

తుపాకి ఎవరికీ ఇవ్వలేదు. అది రెండేళ్ళ కిందటే పేలింది. పేల్చింది నేనే.

కార్లిస్ పోయిన ఏడు, సెప్టెంబరులో ఆయన పుట్టినరోజు వచ్చింది. ఆయన ప్రతి పుట్టినరోజుకీ పెరట్లో ఒక గుండు పేల్చేవాడు. ఆసారి నేను పేలుద్దామనుకున్నాను. మందు కొలిచి పోశాను, గుండు దట్టించాను, గురి చూశాను. మర వెనక్కి వచ్చింది. కుడి కన్ను పోయింది అన్నయ్యా. డాక్టర్లు దాన్ని తీసేశారు. మా అమ్మాయి లొరీనాకి తప్ప మన వాళ్ళెవరికీ తెలియదు. మీ ఊరి తుపాకి పోటీలకి రావడం మానేసింది అందుకే. కార్లిస్ లేకుండా రాబుద్ధి కావడం లేదని అబద్ధం రాశాను.

నీ తప్పు అని తెలిసి దాచలేదు. ఒట్టు. గుండు అడుగుదాకా దించకుండా పేల్చానని, తప్పు నాదేనని రెండేళ్ళు నమ్మాను. నీకు చెబితే పనిముట్లు పారేస్తావు. వదిన మంచం మీద ఉండగా నీకు ఉన్నది తుపాకులు చేసుకునే ఆ షెడ్డొక్కటే. నాక్కూడా నువ్వు పంపే ఇత్తడి తప్ప వేరే పనేం మిగల్లేదు. ఒక కంటితో లోతు తెలియదు. ఉలి ఎంత దిగుతోందో వేలితో తడుముకుంటూ చెక్కుతున్నాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినరోజు పెట్టె తెరిచాను. లొరీనా ఆ మరని గుడ్డలో చుట్టి ఉంచింది. చుట్లు లెక్కపెట్టాను. మూడు. నాలుగుసార్లు లెక్కపెట్టాను.

నువ్వు ఏడుస్తావని నాకు తెలుసు. కానీ ముందు ఇది విను. ఆ మరని అప్పుడే నీకు పంపి ఉంటే ఒక్క చూపులో పట్టేసేవాడివి. మిగతా మూడూ రెండేళ్ళ కిందటే వెనక్కి వచ్చేవి. నేను నోరు మూసుకున్నందువల్లే అవి ఇన్నాళ్ళూ మనుషుల మొహాల ముందు పేలుతున్నాయి. కాడిల్‌కి ఏమైనా అయితే అందులో నా పాలు ఉంది.

కాడిల్ భార్య పుట్టిల్లు వెస్ట్ వర్జీనియాలో మింగో జిల్లా అని లొరీనా స్నేహితురాలు ఒకామె చెప్పింది. అక్కడ వెతుకు. నా గురించి తర్వాత.

నీ
ఆర్డిత్


పైన్ ఫోర్క్
నవంబరు 12

ప్రియమైన ఆర్డిత్‌కి,

మూడు వారాలు ఉత్తరం రాయనందుకు ఏమనుకున్నావో. నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటిది నిన్ను తిడుతూ. రెండోది నన్ను తిట్టుకుంటూ. మిగతావి పూర్తి కాలేదు.

షెడ్డుకి తాళం వేసి తాళంచెవి నెవాకి ఇచ్చాను. ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుని, "కాడిల్ దొరికేదాకా ఇది నాది. ఆ తర్వాత మీ అన్నాచెల్లెళ్ళు తేల్చుకోండి" అంది.

మింగో జిల్లాలో మూడు రోజులు తిరిగాను. కాడిల్ అత్తగారు ముందు నన్ను అప్పులవాడనుకుని తలుపు వేసేసింది. పేల్చితే అల్లుడి కన్ను పోతుందని కిటికీలోంచి అరిచి చెప్పాను. చెల్లెలి కన్ను పోయిందని కూడా అరిచాను. వీధి అంతా వినబడేలా. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె తలుపు తీసింది.

కాడిల్ సరిహద్దు ఇవతల, మన కెంటకీ వైపు కొండ మీద వేట గుడిసెలో ఉన్నాడు. మర్నాడే వేట మొదలు. ఒళ్ళో తుపాకి పెట్టుకుని మందు కొలుస్తున్నాడు. నేను పైకి ఎక్కేసరికి ఊపిరి అందక మాట రాలేదు. గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాను. "వదలవయ్యా ముసలోడా! నేను జింకలకోసం వచ్చాను, నువ్వెవరికోసం వచ్చావు?" అన్నాడు. "నీకోసమే" అన్నాను.

అతని ముందే మర విప్పాను. మూడో చుట్టు సగం విరిగి ఉంది. కాడిల్ దాన్ని వేలితో తడిమి చూసి, కొలిచిన మందుని బయట పారబోసి వచ్చాడు. తర్వాత నాకు బీన్స్ వడ్డించాడు. ఇద్దరం కలిసి తిన్నాం.

నాలుగూ దొరికాయి, ఆర్డిత్. ఇక ఎవరికీ ఏమీ కాదు. నీకు తప్ప.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, అప్పుడు నాకు మరీ కష్టం. తప్పులో నీ పాలూ ఉందని రాశావు. ఉంటే ఉండనీ, దాన్ని కూడా నేను మోస్తాను. ఒక్కటి మాత్రం మాటివ్వు. ఇక మీద నాకు మంచిదనుకుని ఏదీ దాచకు.

శనివారం వస్తున్నాను. పక్కింటావిడ నెవాని చూసుకుంటుంది. బల్ల దగ్గర ఏ వైపు కూచుంటే నీకు నేను కనిపిస్తానో ముందే చెప్పు. అక్కడే కూచుంటాను.

నీ అన్నయ్య,
వెర్లిన్