పాళీ అరిగిన వైపు

జులై 7, ఆదివారం

వంటగట్టు మీద గిన్నెల్లో పెన్నులు నానుతున్నాయి. మా ఆయన యోగేందర్ మంచినీళ్ల కోసం వచ్చి ఒక గిన్నె ఎత్తాడు. "ఏందిది? చారనుకొని తాగుతుంటి గదా" అన్నాడు. నీలం చారు ఎవరన్న పెడ్తరా అన్నాను.

వారమంతా దిల్‌సుఖ్‌నగర్ డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే పని. ఆదివారం మాత్రం ఇది, పాత ఇంకు పెన్నులు బాగుచెయ్యడం. సూది తీసేసిన సిరంజితో పాళీలోకి నీళ్లు కొడతాను. ఎండిన ఇంకు కరిగి దారంలా జారుతుంది. ఎవరూ "అమ్మా" అని అరవరు.

సాయంత్రం పై పోర్షన్ కృష్ణకుమారి ఆంటీ వచ్చారు. చేతిరుమాల్లో ఒక పెన్ను. పోయినేడాది పోయిన వాళ్లాయన వెంకటేశ్వరరావు గారిది. "మళ్లీ రాసేట్టు చేసిపెడతావా అమ్మా?" అన్నారు. లావుపాటి నల్ల ఎబొనైట్ పెన్ను, గట్టి రబ్బరుతో చేసింది. మూత తీస్తే పాత రబ్బరు వాసన.

జులై 9

వేడినీళ్లు తగిలితే ఎబొనైట్ రంగు మారుతుంది. చల్లనీళ్లలోనే పెట్టాను. పొద్దున్నకి గిన్నె నిండా ముదురు నీలం. ఆయన పోసుకున్న చివరి ఇంకు. సింకులో పారబోయడానికి చెయ్యి రాలేదు. తర్వాత డ్యూటీకి టైమవుతోందని పారబోశాను.

జులై 11

పెన్ను శుభ్రమైంది. ఇంకు పోశాను. రాస్తే గీసుకుంటోంది.

లెన్స్ కింద పెట్టి చూశాను. పాళీ కొన మీద చిన్న గుండు ఉంటుంది, కాగితానికి తగిలేది అదే. ఈ పెన్నులో ఆ గుండు ఎడమవైపు ఏటవాలుగా అరిగిపోయింది. కాలనీ అసోసియేషన్ రసీదులు రాసేటప్పుడు ఆయన మణికట్టు లోపలికి వంచి, పెన్ను పక్కకు తిప్పి పట్టుకునేవారు. నేనూ అలా వంచి రాసి చూశాను. గీత నూనె మీద జారినట్టు పోయింది. మామూలుగా పట్టుకుంటే మళ్లీ గీకుడే.

ఏళ్ల తరబడి రాసి రాసి ఆయన చేతికి తగ్గట్టు తయారైన పాళీ. ఆంటీ చేతికి కుదరాలంటే ఆ అరుగుదలను సానబట్టి తీసెయ్యాలి. తీస్తే మళ్లీ రాదు.

జులై 12

పైకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆంటీ పెన్ను చేతిలోకి తీసుకుని పాళీ వైపు చాలాసేపు చూశారు. లెన్స్ లేకుండా ఏం కనిపిస్తుంది?

తిరిగి నాకే ఇచ్చేశారు. "నీ దగ్గరే ఉంచమ్మా. ఆలోచించుకుని చెప్తాను."

జులై 14

మియాపూర్ నుంచి తేజస్విని ఫోన్. ఆంటీ కూతురు. నంబర్ ఎవరిచ్చారో. పెన్ను ముట్టుకోవద్దంది. డాడీ గుర్తుగా అదొక్కటే ఉందట, మమ్మీకి ఇప్పుడు రాసే పనేముందట. గొంతు మర్యాదగానే ఉంది. ఆంటీ చెప్పేదాకా ఏమీ చెయ్యనన్నాను.

యోగేందర్‌కి చెప్పాను. "వాళ్లింట్ల పంచాయితీ మనకెందుకే, జప్పున వాపస్ ఇచ్చెయ్యరాదు" అన్నాడు. ఇచ్చెయ్యాలనే అనిపించింది. ఇవ్వలేదు.

జులై 18

ఆంటీ మెట్ల మీద కనిపించారు. కరివేపాకు గురించి మాట్లాడారు. పెన్ను మాటే లేదు.

జులై 21, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. ఆంటీ కిందికొచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టీ ఇచ్చాను, తాగలేదు.

ఆమె సరూర్‌నగర్‌లో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఉత్తరం మీద అడ్రస్ రాద్దామని ఆ పెన్ను తీశారట. ఆయన కోప్పడలేదు. చేతిలోంచి మెల్లగా తీసుకుని, కడిగి, తుడిచి, జేబులో పెట్టుకున్నారట. ఇంకొకరి చెయ్యి పడితే పాళీ పాడవుతుందన్నారట.

"మంచాయనే అమ్మా. నన్ను పల్లెత్తు మాట అనలేదెప్పుడూ. అయినా తర్వాత నేనా పెన్ను ముట్టుకోలేదు. బాల్‌పెన్నుతోనే సరిపెట్టుకున్నాను. నాకు రాయడం ఎంత ఇష్టమో ఆయనకి తెలుసో లేదో, నేనూ అడగలేదు."

తేజస్విని ఫోన్ చేసిందని చెప్పాను. తెలుసన్నారు. "దానికి నేను చెప్పుకుంటాలే. నువ్వు నా చేతికి తగ్గట్టు చెయ్యి."

ఏం రాస్తారని అడిగాను. "ముందు రాయనివ్వు, చూద్దాం" అని నవ్వారు.

జులై 27, శనివారం

రేపు బోనాలు. పనులున్నాయని లీవు పెట్టాను. మధ్యాహ్నం ఆంటీని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఆమె రాయాలి. గీకినచోట ఆగాలి. నేను తీసుకుని, పాలిష్ కాగితం తడిపి, దాని మీద సున్నాలు చుట్టి, తుడిచి, లెన్స్ కింద చూసి మళ్లీ ఇవ్వాలి. ఎక్కువ అరగదీస్తే పాళీ పోయినట్టే. సూది పెట్టేటప్పుడు నాకెప్పుడూ ఇంత భయం లేదు.

"గుండ్రం బాగానే వస్తోంది. తలకట్టు దగ్గర గుచ్చుతోంది" అన్నారు ఆంటీ. కింది నుంచి పైకి లేచే గీత. అదే ఆయన చేతికి అలవాటైన వైపు. అక్కడే సానబట్టాను.

అప్పుడే బెల్లు మోగింది. తేజస్విని. పైన తాళం చూసి కిందికొచ్చినట్టుంది. టేబుల్ మీద పాలిష్ కాగితం, నా చేతిలో పెన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయిపోయిందా మమ్మీ?"

"సగం అయింది."

"నాకొక్క మాట చెప్తే ఏం? నేనే వచ్చి తీసుకెళ్లేదాన్ని కదా."

"అందుకే చెప్పలేదు తేజూ" అన్నారు ఆంటీ. గొంతు పెంచలేదు. "మీ నాన్న చేతిరాత ఇక దీంతో రాదు. తెలిసే చేయించుకుంటున్నాను. అరుణని ఏమీ అనకు."

తేజస్విని నా వైపు చూసింది. నేను పాళీ తుడుస్తూ ఉండిపోయాను, తుడవడానికేమీ లేకపోయినా. కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గేటు చప్పుడైంది.

"కానివ్వమ్మా" అన్నారు ఆంటీ. పెన్ను పట్టుకుంటే ఆమె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకుకి పాళీని కుదిర్చితే తప్పయిపోతుంది. ఇవాళ్టికి వద్దన్నాను.

జులై 28

బోనాలు. పెన్ను ముట్టుకోలేదు.

జులై 30

అయింది. చివర్లో రెండు మూడు సున్నాలు, అంతే. ఆంటీ ఒక వాక్యం రాసి ఆగారు. మళ్లీ రాశారు. పేజీ నిండింది. గీకిన చప్పుడు లేదు. ఫ్యాను చప్పుడే.

ఏం రాశారో చూశాను. ఒకప్పటి తన క్లాసు ఆడపిల్లల పేర్లు, ఇంటిపేర్లతో సహా. ఒకచోట ఆగి, "ఈ పిల్ల పేరు గుర్తురావట్లేదు, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునేది" అన్నారు.

ఆగస్టు 4, ఆదివారం

తేజస్విని వచ్చింది. ఆంటీ నన్నూ పైకి రమ్మన్నారు. ఎందుకో తెలియక భయంగానే వెళ్లాను.

తల్లీకూతుళ్లు భోంచేసి కూర్చున్నారు. టేబుల్ మీద పెన్ను, కాగితాలు. తేజస్విని పెన్ను తీసి ఏదో గీసి, మూత పెట్టేసింది. ఏమీ తేడా తెలియట్లేదంది. మాట పుల్లవిరుపుగానే ఉంది. నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది.

ఆంటీ కాగితం దగ్గరికి లాక్కుని కూతురి పేరు రాశారు. తేజస్విని. తొందర లేకుండా, ఏత్వం, గుడి, ఒత్తు, అన్నీ దేని చోట అది.

తేజస్విని ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. స్కూలు పుస్తకాల అట్టల మీద, టిఫిన్ డబ్బా మీద, పెళ్లి కార్డుల మీద, ఎక్కడ చూసినా డాడీనే తన పేరు రాశారట. "మమ్మీ నా పేరు రాయగా చూడటం ఇదే ఫస్ట్ టైమ్ అక్కా" అంది నాతో. నన్ను అక్కా అనడం కూడా ఇదే మొదటిసారి.

తర్వాత ఏడ్చింది. డాడీ కోసమో, దేనికో. ఆంటీ దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేశారు. ఆ చేతి వేళ్లకు ఇంకు. నేను చప్పుడు చెయ్యకుండా కిందికొచ్చేశాను.

ఆగస్టు 10

ఆంటీ మెట్ల మీంచి కేకేశారు. ఇంకు అయిపోయిందట. ఈసారి నీలం వద్దట, ఆకుపచ్చ కావాలట. అది గెజిటెడ్ ఆఫీసర్లు వాడేది కదా ఆంటీ అన్నాను.

"ఎవరొచ్చి అడుగుతారో చూద్దాం" అన్నారు.

డ్యూటీ నుంచి వస్తూ ఆకుపచ్చ తెచ్చాను.