కొలను మీది మంచును పగలగొట్టవద్దు

ఐర్లాండు దేశంలోని అత్లోన్ పట్టణంలో సొంత ఇంట్లో నివసిస్తున్న నేను, కీర్తిశేషులు శేషగిరిరావు గారి భార్య సూర్యప్రభ, వయసు అరవై ఒకటి, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో జ్వరం ఉంది, కోవిడ్ అని తేలింది. బుద్ధి మాత్రం స్థిమితంగానే ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టడానికి ఇంట్లో మరో మనిషి లేరు. ఇంతకు ముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

భయపడుతూ రాస్తున్నానన్నది దాచను. పోయిన ఏప్రిల్‌లో అంబులెన్సు ఎక్కుతూ మా వారు, "రెండ్రోజుల్లో వచ్చేస్తాలే, చేపలకి మేత ఎక్కువ వెయ్యకు" అన్నారు. ఆ తరువాత ఆయన గొంతు నేను మళ్ళీ వినలేదు. ఆయన ఏ కాగితమూ రాయలేదు. నిన్న మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఫోన్ చేసి, ఆయాసం పెరిగితే ఆలోచించకుండా అంబులెన్సుకు ఫోన్ చెయ్యమంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అది జబ్బో భయమో నాకు తెలియడం లేదు.

1. ఈ ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా నగలు నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురు యోగితకు సర్వహక్కులతో చెందవలసినవి. తను రాజధాని పక్కనున్న క్లాండాల్కిన్‌లో ఉంటుంది. లాక్‌డౌన్ అని దారిలో గార్డులు, ఇక్కడి పోలీసులు, కార్లు ఆపుతున్నా, అమ్మకు బాగాలేదని చెప్పి వచ్చేస్తానంటోంది. యోగితా, రావద్దు. నా ఊపిరి గురించి ఎంత భయమో, నీ ఊపిరి గురించి అంతకు పదింతలు. "అమ్మా, యూల్ బీ గ్రాండ్" అన్నావు ఫోనులో, నీకేం కాదులే అని ఇక్కడివాళ్ళు అనే మాట. నువ్వూ భయపడుతున్నావని నాకు తెలిసింది.

2. నా కాఫీ ఫిల్టరు, ఆకుపచ్చ వెంకటగిరి చీర మా తోటికోడలు జయశ్రీకి. ఆ చీర తనకెంతో ఇష్టమని తెలిసీ ఇవ్వలేదు. కోపం ఆమె మీద కాదు, ఆమె భర్త మీద. ఆయన మా మరిది శశికాంత్. కారణం కింద రాస్తున్నాను.

3. పెరట్లో మా వారు తవ్వించిన కొలనులో ఏడు కోయి చేపలున్నాయి. జపాను జాతి, రంగురంగులవి. చలికాలం ఇవి అడుగుకు చేరి కదలకుండా ఉంటాయి, అక్కడి నీళ్ళే కాస్త వెచ్చన. పైన మంచు పూర్తిగా కప్పేస్తే కుళ్ళిన ఆకుల గాలి బయటికి పోక లోపలే చస్తాయి. అలాగని మంచును సుత్తితో కొడితే ఆ అదురుకే చస్తాయి. ఒకసారి మేం ఇండియా వెళుతూ వీటిని శశికాంత్‌కు అప్పగించాం. అతను సుత్తితోనే కొట్టాడు. నాలుగు చచ్చిపోయాయి. "చేపలే కదా వదినా, ఇంకో నాలుగు కొనుక్కుందాం" అన్నాడు. ఆ మాట మీద నేను అతన్ని గడప తొక్కనివ్వలేదు. మా వారు పోయినప్పుడు కూడా అతనితో నేను మాట్లాడలేదు. పాత వీలునామాలో అతని పేరే లేదు.

పోయిన గురువారం నీళ్ళలోకి గాలి పంపే పంపు ఆగిపోయింది. మధ్యాహ్నానికి కొలను మొత్తం గాజుపలకలా బిగుసుకుంది. కెటిల్‌తో వేడినీళ్ళు పట్టుకుని జ్వరంతోనే బయలుదేరాను. పెరటి గుమ్మం దగ్గరే కాళ్ళు తేలిపోయి కూలబడ్డాను. ఇక్కడే పడిపోతే నన్ను ముట్టుకోవడానికి కూడా అందరూ జంకుతారని తోచింది. పాకుతూ లోపలికొచ్చి, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క అయినవాడికి ఫోన్ చేశాను.

శశికాంత్ మాస్కు పెట్టుకుని పక్క గేటులోంచి వచ్చాడు. చేతిలో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువు. కిటికీ అద్దం మీద దబదబా కొట్టాను.

"సుత్తి కాదు వదినా, గిన్నె," అని తువ్వాలు తీసి చూపించాడు. పొడుగు పిడి ఉన్న గిన్నె. "ఈసారి కొట్టను. ఎక్కడ పెట్టాలో లోపల్నుంచి నువ్వే చెప్పు."

బయట చిన్న గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి, గిన్నెను మంచు మీద ఆనించి పట్టుకున్నాడు. చల్లారితే మళ్ళీ కాచాడు. చీకటి పడేవేళకు కన్నం పడింది. తొంగిచూసి, "తెల్లది పక్కకి ఒరిగిపోయింది వదినా. తీసెయ్యనా?" అన్నాడు.

"ముట్టుకోకు," అన్నాను. చచ్చిందేమోనని నాకూ భయమే. అయినా తీయనివ్వలేదు.

మర్నాడు ఫోటో పంపాడు. తెల్లది నిటారుగా ఉంది, చెంపల దగ్గర మొప్పలు ఆడుతున్నాయట. కొత్త పంపు కూడా అతనే బిగించాడు. రోజూ వచ్చి చూసి వెళుతున్నాడు.

కనుక ఆ చేపలు, పంపు, కొంగలు రాకుండా వేసిన వల శశికాంత్‌కు చెందవలసినవి. షరతులు: నీళ్ళు బాగా వెచ్చబడే దాకా మేత వేయరాదు. గాలి బుడగల రాయి సగం లోతులోనే వేలాడాలి, అడుగున పెడితే పైచలి కిందికి దిగుతుంది. కదలడం లేదని ఏ చేపనూ చచ్చినదాని కింద జమకట్టి బయటికి తీయరాదు.

4. ఈ వీలునామా అమలుకు యోగితను, శశికాంత్‌ను నియమిస్తున్నాను. ఇద్దరూ తరచు మాట్లాడుకోవాలి. పక్కింటి డెక్లన్, మోరా సాక్షి సంతకాలు చేస్తున్నారు కనుక చట్టప్రకారం వాళ్ళకేమీ రాయకూడదు. అందుకే నా గులాబీ కుండీలు ఇవాళే శశికాంత్ చేత గోడ మీద పెట్టించాను, పట్టుకెళ్ళారు.

5. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే, అక్కడ జరగరానిది జరిగితే, పెట్టె మూసేస్తారని నాకు తెలుసు. అన్నిటికంటే నాకు ఎక్కువ భయం అదే. మా వారి అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. ఆ మూసిన పెట్టెలో ఉన్నది ఆయనేనని అందరం నమ్మాం, అంతే. యోగితా, సిగ్గుపడకుండా నర్సును అడుగు. మూసే ముందు ఒక్కసారి ఫోనులో నా మొహం నీకు చూపించమను. కాదంటే మళ్ళీ అడుగు.

2021 జనవరి 11, సోమవారం, అత్లోన్.

(సంతకం) సూర్యప్రభ

సాక్షులు: వంటింటి కిటికీ అవతల పెరట్లో నిలబడి, సూర్యప్రభ గారు సంతకం చేయడం ఇద్దరం కలిసి అద్దంలోంచి చూశాం. ఇది తెలుగులో రాసిన ఆమె వీలునామా అని మాకు ఇంగ్లీషులో చెప్పారు. తలుపు సందులోంచి అందించిన ఈ కాగితం మీద ఆమె చూస్తుండగా మేము సంతకాలు చేశాం.

డెక్లన్ కెన్నీ
మోరా కెన్నీ