ఆ రూపం ఎవరిది?

మున్నీ, మేము బాగానే ఉన్నాము. ఫోన్లో అడిగితే మాట మారుస్తావని కార్డు రాస్తున్నాను.

మీ ల్యాబులో పనిచేసే న్యాల్‌కల్ ఊరి మంజుల నిన్న ఇంటికి వచ్చింది. అక్కడ నువ్వేం చేస్తావని అడిగాను.

"రక్తంల ఉండే ప్రోటీన్‌ను పటిక లెక్క గడ్డ కట్టిస్తం ఆంటీ. దాంట్ల జర పాదరసం కలిపి ఎక్స్‌రే కొడితే, పాదరసం ఉన్న కాడ కిరణాలు వేరే తీరుగ చెదురుతయి. గా గుర్తు పట్టుకొని దాని రూపం తీస్తం" అంది.

"ఎవరి రక్తం?" అన్నాను.

"ఎవరిది కాదు, గా ప్రోటీన్‌ను క్రిముల్ల పెంచుతం" అని నవ్వింది. నాకు నమ్మకం కుదరలేదు. నీ తమ్ముడు పోయే ముందు రోజు దవాఖానలో రెండు సీసాల రక్తం తీశారు. అదేమైందో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాతే నువ్వు ఈ పనిలో చేరావు.

"ఎక్స్‌రేల పోరడు కనబడ్తడా, పిచ్చిదానా?" అని మీ నాన్న కసురుకున్నాడు.

అది వాడి రక్తమే అయితే దాచకు, నేను కోప్పడను. బతికుండగా సూదులతో పొడిచింది చాలు, పాదరసం కలపనీయకు. ఆ రూపం మాత్రం కాగితం మీద తీసి నాకు పంపు.

చేలో అల్లం తవ్వుతున్నారు. నీ దుప్పటి ఇక్కడే ఉంది, పంపనా? అమ్మ చంద్రకళ దీవెనలు. జొన్నరొట్టె దొరక్కపోయినా వేళకు కడుపునిండా తిను.