పాత వంటగది తలుపు

ఏవండీ,

పదకొండింటికి వడ్రంగి వస్తాడు. కొత్త నేల మీద చెప్పులతో తిరగనివ్వకండి. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

వందేళ్ల నాటి బిల్డింగ్ అని కిటికీల చెక్కడాల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు మీరు. నా వంటగది గోడ మాత్రం ఒక్క పూటలో కొట్టించేశారు. ఫ్లాటంతా విశాలమైందని మీ అక్కయ్య తెగ మెచ్చుకున్నారు. నిన్న ఆవిడే సోఫాలో కూర్చుని నా వంటకు వంకలు పెడుతుంటే, కళ్ళు తుడుచుకోవడానికి నాకు చాటన్నదే లేకపోయింది. ఈ చీటీ కూడా బాత్రూంలో కూర్చుని రాస్తున్నాను.

ఆ గోడకున్న పాత తలుపుతో భోజనాల బల్ల చేయిస్తానన్నారుగా, అది కుదరదు. సామాన్ల గదికి బిగించమని వడ్రంగికి చెప్పేశాను. లోపల కుర్చీ కూడా వేసుకున్నాను.

అన్నట్టు, గొళ్ళెం బయట వద్దన్నాను. లోపల ఒక్కటి చాలు.