నీ మంచం కింది గుడ్ల గంప

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఈ మాట చెప్పే మొహం నాకు లేదు.

పక్కింటి సుబ్బమ్మత్త తుంటి విరిగి మంచాన పడింది. నీలాగే పడుకుని పడుకుని నడుం కింద పుండు పడింది. నిన్న నేనక్కడ ఉండగా ఆత్మకూరు ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చి కట్టు మార్చింది.

"రోజూ గుడ్డు, పాలు, పప్పు పెట్టండమ్మా," అన్నది.

"గుడ్డు తింటే చీము పట్టదా?" అని అడిగాను.

"చీమేందమ్మా! ఒంట్లో బలం లేకుంటే పుండెట్టా మానతాది?"

పత్యమని మూడు నెలలు నీకు చారన్నమే పెట్టాను. "ఒక్క గుడ్డు ఉడకబెట్టమ్మే, నోరు చచ్చిపోయుండాది," అని నువ్వు అడిగితే, "పుండు మానాలని లేదా నీకు?" అని కసిరాను. మళ్లీ నువ్వు అడగలేదు.

మన కోడి గంప నీ మంచం కిందే ఉండేది. అది అరిచినప్పుడల్లా నువ్వే నన్ను పిలిచేవాడివి: "గుడ్డు పెట్టినట్టుండాది, తీసుకుపోమ్మే."

నేను వచ్చి తీసుకుపోయేదాన్ని.